బీతోవెన్ అయిదవ సింఫనీ – అయిదు ఎల్పీ రికార్డులు: తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
బీతోవెన్ అయిదవ సింఫనీకి వెలువడిన ఎల్పీ రికార్డులలో ఏది ఉత్తమమన్న చర్చ సాధారణంగా ఆ కృతిలోని తొలి నాలుగు స్వరాల చుట్టూ సాగుతుంది. ఈ వ్యాసం ఆ కొలమానాన్ని ప్రశ్నిస్తుంది. కృతి అర్థం నిర్ణయమయ్యే చోటు మూడవ భాగం నుంచి నాలుగవ భాగానికి సాగే సంధి ఘట్టమని ప్రతిపాదిస్తుంది. టోస్కనీని, ఫుర్ట్‌వెంగ్లర్, క్లెంపరర్, కరాయన్, కార్లోస్ క్లైబర్‌ల రికార్డులను ఆ ఘట్టం ఆధారంగా పోల్చి చూస్తుంది. స్వరప్రతి, ప్రదర్శన, రికార్డు అనే మూడు అంతస్తులను వేరుచేయకుండా చేసే పోలిక విమర్శ కాజాలదని నిరూపించడం దీని ఉద్దేశం.

కీలకపదాలు: బీతోవెన్, అయిదవ సింఫనీ, ఎల్పీ రికార్డు, స్వరప్రతి, కాలప్రమాణం, పునరావృత్తి.

1. ఉపోద్ఘాతం

బీతోవెన్ అయిదవ సింఫనీ (సి మైనర్, ఓపస్ 67) 1808 డిసెంబరు 22న వియన్నాలోని థియేటర్ ఆన్ డెర్ వీన్‌లో, దాదాపు నాలుగు గంటలు సాగిన కచేరీలో తొలిసారి వినిపించింది. రెండేళ్ల తరవాత, 1810లో, ఇ.టి.ఎ. హాఫ్మన్ దానిపై రాసిన సమీక్ష సంగీత విమర్శ చరిత్రలో ప్రత్యేక స్థానం పొందింది. 1913లో ఆర్థర్ నికిష్ బెర్లిన్ ఫిల్హార్మానిక్ వాద్యబృందంతో ఈ సింఫనీని రికార్డు చేశాడు. అప్పటి నుంచి ప్రతి తరం నిర్దేశకులూ తమ సామర్థ్యానికి నిదర్శనంగా ఈ కృతిని రికార్డులపైకి ఎక్కిస్తూనే ఉన్నారు.

ఇన్ని రికార్డులు ఉన్నచోట పోలిక అనివార్యం. అయితే ఆ పోలిక చాలా సందర్భాలలో అభిరుచి ప్రకటనగానే మిగిలిపోతుంది. ఒకరికి ఫుర్ట్‌వెంగ్లర్ గంభీరుడు, మరొకరికి టోస్కనీని నిక్కచ్చి మనిషి, ఇంకొకరికి క్లైబర్ మెరుపు. ఈ విశేషణాలు అబద్ధాలు కావు. వాటిని కృతిలోని ఏ చోట, ఏ ఆధారంతో వాడుతున్నారన్నది చెప్పనప్పుడు అవి విమర్శకు ఉపకరించవు. సాహిత్య పరిశోధకుడు ఒక కావ్యానికి రెండు ప్రతులను పోల్చేటప్పుడు ఏ పద్యంలో, ఏ పాదంలో పాఠం మారిందో చూపుతాడు. సంగీత ప్రదర్శనల పోలికకు కూడా అంతటి నిర్దిష్టత అవసరం.

2. స్వరప్రతి – స్థిరమైన పాఠమేనా?

పోలికకు ముందు పోల్చవలసిన మూలాన్ని పరిశీలించాలి. ముద్రిత స్వరప్రతి మారని పాఠమని, నిర్దేశకులు మాత్రమే మార్పులు చేస్తారని అనుకోవడం సరికాదు. అయిదవ సింఫనీ మూడవ భాగంలో రెండు బార్లు (తాళ విభాగాలు) అదనంగా ముద్రితమయ్యాయి. వాటిని తొలగించాలని బీతోవెన్ స్వయంగా 1810లో ప్రచురణకర్తలకు లేఖ రాశాడు. అయినా ఆ రెండు బార్లూ దశాబ్దాల పాటు వాద్యబృందాల చేతుల్లోని ప్రతులలో నిలిచే ఉన్నాయి.

మొదటి భాగంలో మరో ప్రసిద్ధమైన చిక్కు ఉంది. రెండవ ప్రధాన స్వరబంధానికి ముందు వచ్చే పిలుపును బీతోవెన్ మొదట హార్న్‌లకు ఇచ్చాడు. అదే పిలుపు తిరిగి వచ్చేటప్పుడు శ్రుతి సి మేజర్‌కు మారుతుంది. ఈ-ఫ్లాట్ శ్రుతిలో అమర్చిన ఆనాటి హార్న్‌లకు ఆ స్వరాలు సులభంగా పలకవు. అందుచేత ఆయన దానిని బసూన్‌లకు అప్పగించాడు. ఆధునిక హార్న్‌కు ఆ ఇబ్బంది లేదు కనుక చాలామంది నిర్దేశకులు ఆ పిలుపును తిరిగి హార్న్‌లకే ఇచ్చారు. రాసిన అక్షరానికి కట్టుబడాలా, రచయిత ఉద్దేశమని తాము ఊహించినదానికి కట్టుబడాలా అన్న ప్రశ్న ఇక్కడ తలెత్తుతుంది. పాఠ పరిష్కర్తలకు ఇది చిరపరిచితమైన ప్రశ్నే.

కాలప్రమాణం విషయంలోనూ ఇదే స్థితి. 1817లో బీతోవెన్ తన సింఫనీలకు మెట్రోనోమ్ అంకెలను ప్రకటించాడు. మొదటి భాగానికి ఇచ్చిన అంకె ప్రకారం నిమిషానికి 108 బార్లు సాగాలి. ఆ భాగంలో 502 బార్లు ఉన్నాయి. తొలి 124 బార్ల పునరావృత్తిని కలిపితే 626. అంకెను అక్షరాలా పాటిస్తే, నిలుపుదలలను మినహాయించి, ఈ భాగం 6 నిమిషాల లోపే ముగియాలి. అతివేగంగా సాగుతుందని పేరుపడిన క్లైబర్ రికార్డులో ఇది 7 నిమిషాల 20 సెకన్లకు పైగా సాగుతుంది. అంటే శ్రోత ‘వేగం’గా అనుభవించేది గడియారపు వేగం కాదు. స్వరాల అంచులు ఎంత పదునుగా ఉన్నాయి, ఒక పదబంధం ముగిసీ ముగియకముందే రెండవది ఎలా అందుకుంటోంది అన్నవే ఆ అనుభవానికి కారణాలు. నిడివి అంకెలను మాత్రమే చూసి రికార్డులను పోల్చేవారు ఈ తేడాను గమనించాలి.

3. రికార్డు అనే మూడవ అంతస్తు

స్వరప్రతికీ శ్రోతకూ మధ్య ప్రదర్శనతో పాటు రికార్డు కూడా ఒక అంతస్తు. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డులో ఒక వైపు నాలుగయిదు నిమిషాలకు మించి సంగీతం పట్టదు. తెలుగు నాటక పద్యాలను రికార్డులపై విన్న తరానికి ఈ పరిమితి తెలియనిది కాదు. రంగస్థలంపై శ్రోతల కోరిక మేరకు పెరిగే ఆలాపన రికార్డుపై సుమారు మూడు నిమిషాలకు కుదించుకోవలసి వచ్చేది. సింఫనీని కుదించడం కుదరదు కనుక దానిని ముక్కలు చేశారు. నాలుగయిదు నిమిషాలకోసారి సంగీతం ఆగడం, రికార్డును తిప్పి మళ్లీ వినడం ఆనాటి శ్రోత అనుభవంలో భాగమైపోయింది.

1948లో అమెరికాలో కొలంబియా సంస్థ ప్రవేశపెట్టిన ఎల్పీ ఈ స్థితిని మార్చింది. నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే 12 అంగుళాల వినైల్ రికార్డు ఒక వైపున ఇరవై నిమిషాలకు పైగా సంగీతం ఇముడుతుంది. అయిదవ సింఫనీ నిడివి సాధారణంగా 30 నుంచి 36 నిమిషాల మధ్య ఉంటుంది. అందువల్ల మొదటి రెండు భాగాలు ఒక వైపు, చివరి రెండు భాగాలు రెండవ వైపు అన్న విభజన సహజంగా ఏర్పడింది. బీతోవెన్ మూడవ, నాలుగవ భాగాల మధ్య విరామం లేకుండా రాశాడు. ఎల్పీ ఆ కలయికను తెగనివ్వకుండా కాపాడింది.

ఎల్పీ తన పరిమితులను కూడా తెచ్చిపెట్టింది. రికార్డు తిరిగే వేగం మారకపోయినా సూది కింద గాడి సాగే వేగం మారుతుంది. వెలుపలి అంచు దగ్గర సెకనుకు సుమారు 51 సెంటీమీటర్లు సాగే గాడి, లోపలి అంచుకు చేరేసరికి సుమారు 21 సెంటీమీటర్లే సాగుతుంది. అంతే సంగీతం తక్కువ పొడవులో ఇరుక్కుంటుంది కనుక లోపలి భాగంలో ధ్వని చెదిరే ప్రమాదం ఎక్కువ. అయిదవ సింఫనీ అత్యంత బిగ్గరగా ముగుస్తుంది. ట్రోంబోన్‌లు, పికోలో, టింపని కలిసి మోగే ఆ ముగింపు సరిగ్గా రికార్డు బలహీనంగా ఉండే చోటుకే వచ్చి పడుతుంది. ఒక ఎల్పీలో ముగింపు గరుకుగా వినిపిస్తే ఆ దోషం వాద్యబృందానిదో, గాడిదో, అరిగిన సూదిదో విచారించకుండా తీర్పు చెప్పరాదు. తొలి ముద్రణ ప్రతులకు సేకర్తలు చెల్లించే ధర కూడా ఇటువంటిదే. ఆ ధర వస్తువు అరుదుతనాన్ని తెలుపుతుంది, ప్రదర్శన విలువను కాదు.

4. పోలికకు కేంద్రం: సంధి ఘట్టం

తొలి నాలుగు స్వరాలు లోకప్రసిద్ధం. విధి తలుపు తట్టడమే ఆ స్వరాల భావమని బీతోవెన్ అన్నట్లు షిండ్లర్ ప్రచారం చేశాడు. ఆయన కథనాల విశ్వసనీయతను పండితులు చాలాకాలంగా శంకిస్తున్నారు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో మోర్స్ లిపిలోని ‘వి’ అక్షరంతో ఆ లయ సరిపోవడం వల్ల అది విజయ సంకేతమైంది. ఇంతటి భారం మోస్తున్న నాలుగు స్వరాలను ఏ నిర్దేశకుడూ నిర్లక్ష్యంగా పలికించడు. అందువల్లనే అక్కడ నిర్దేశకుల మధ్య తేడా పైకి కనబడేదే గాని లోతైనది కాదు.

సింఫనీ సి మైనర్‌లో మొదలై సి మేజర్‌లో ముగుస్తుంది. ఆ ప్రయాణంలోని నిర్ణాయక ఘట్టం మూడవ భాగం చివరి 50 బార్లు. తీగవాద్యాలు దాదాపు వినిపించనంత మెల్లగా ఒక స్వరాన్ని పట్టి నిలుస్తాయి. టింపని తొలి భాగపు లయను గుర్తుచేస్తూ కొట్టుకుంటుంది. మొదటి వయొలిన్‌లు మెట్టుమెట్టుగా పైకి ఎక్కుతాయి. ధ్వని పెంచమన్న సూచన చివరి కొన్ని బార్లలోనే వస్తుంది. ఆ వెంటనే నాలుగవ భాగం పూర్తి బలంతో ప్రవేశిస్తుంది. అప్పటివరకు మౌనంగా ఉన్న ట్రోంబోన్‌లు, పికోలో, కాంట్రాబసూన్ అక్కడే మొదటిసారి గొంతు కలుపుతాయి.

అంతటితో విజయం స్థిరపడదు. నాలుగవ భాగం మధ్యలో మూడవ భాగపు స్వరబంధం మెల్లగా తిరిగి వస్తుంది. దాటివచ్చామనుకున్న చీకటి మళ్లీ ఎదురవుతుంది. ఈ పునఃప్రవేశం ఎంత కలవరపెడుతుందన్నది అంతకుముందు వెలుగు ఎంత స్థిరంగా అనిపించిందన్న దానిపై ఆధారపడుతుంది. ఈ దృష్టితో చూస్తే నాలుగవ భాగం తొలి 85 బార్లకు బీతోవెన్ పెట్టిన పునరావృత్తి చిహ్నం లాంఛనం కాదు. దానిని పాటిస్తే సుమారు రెండు నిమిషాలు పెరుగుతాయి. శ్రోత సి మేజర్‌లో రెండుసార్లు నివసించి, ఇక భయం లేదనుకున్న తరవాతనే పాత నీడ కనబడుతుంది.

5. అయిదు రికార్డులు

5.1 ఆర్తురో టోస్కనీని – ఎన్‌బీసీ సింఫనీ (1952)

న్యూయార్క్ కార్నెగీ హాలులో రికార్డయిన ఈ ప్రదర్శనలో కాలప్రమాణం ఉక్కులా నిలుస్తుంది. స్వరప్రతికి విధేయతే నిర్దేశకుని ధర్మమన్నది టోస్కనీని ప్రసిద్ధ నియమం. సంధి ఘట్టంలో ఆయన రహస్యాన్ని వెతకడు. లయ కొంచెమైనా సడలదు. నాలుగవ భాగం ముందు నుంచీ వస్తున్న నడకకు సహజ ఫలితంగా వస్తుంది. ఇందులో గొప్ప నిజాయితీ ఉంది. లోటు కూడా అక్కడే ఉంది. చీకటి చీకటిగా అనుభవానికి రాకపోవడం వల్ల వెలుగు ఆశ్చర్యం కలిగించదు. నాలుగవ భాగపు పునరావృత్తిని ఆయన విడిచిపెట్టడం స్వరప్రతికి విధేయుడన్న ఆయన పేరుకు కొంత విరుద్ధంగా కనిపిస్తుంది.

5.2 విల్‌హెల్మ్ ఫుర్ట్‌వెంగ్లర్ – బెర్లిన్ ఫిల్హార్మానిక్ (1947)

యుద్ధానంతర విచారణ ముగిసి, ఫుర్ట్‌వెంగ్లర్ 1947 మే నెలలో తన పాత వాద్యబృందంతో తిరిగి కలిశాడు. ఆ రోజుల ప్రదర్శన తరవాతి కాలంలో డాయిష్ గ్రామఫోన్ ఎల్పీగా వెలువడింది. ఇక్కడ స్వరప్రతి ఆదేశం కాదు, ఆరంభ బిందువు. మొదటి భాగంలోని నిలుపుదలలు ఊపిరి బిగబట్టేంత దీర్ఘమైనవి. సంధి ఘట్టంలో కాలం దాదాపు స్తంభించిపోతుంది. నాలుగవ భాగం విశాలంగా తెరుచుకుని, క్రమంగా వేగం పుంజుకుని, చివరకు ఉరుకుగా మారి ముగుస్తుంది.

ఈ రికార్డుపై ఉన్న అభిమానంలో చరిత్ర పాలు ఎంత, సంగీతం పాలు ఎంత అన్నది విమర్శకుడు వేసుకోవలసిన ప్రశ్న. శిథిలమైన బెర్లిన్ నగరాన్ని ఊహించుకుంటూ వినేవారికి ప్రతి స్వరమూ సాక్ష్యంగా తోస్తుంది. టోస్కనీని 1933లో బైరాయిట్ ఉత్సవాన్ని నిరాకరించాడు. అదే ఏడు క్లెంపరర్ జర్మనీ విడిచిపోయాడు. ఫుర్ట్‌వెంగ్లర్ అక్కడే ఉండిపోయాడు. ఈ జీవిత వాస్తవాలు ముఖ్యమైనవే అయినా ధ్వనిలోంచి నేరుగా నైతిక తీర్పులను చదవడం సాధ్యం కాదు. చరిత్రను పక్కన పెట్టి విన్నా సంధి ఘట్టాన్ని ఇంతటి భయంతో నింపిన రికార్డు ఈ అయిదింటిలో మరొకటి లేదు. ఈ రికార్డు స్థానాన్ని నిలబెట్టడానికి ఆ ఒక్క ఆధారం చాలు.

5.3 ఒట్టో క్లెంపరర్ – ఫిల్హార్మోనియా (1959)

క్లెంపరర్ 1955లో మోనో పద్ధతిలోను, 1959లో స్టీరియోలోను ఈ సింఫనీని రికార్డు చేశాడు. 1959 నాటి దానిలో మొదటి భాగం ఒక్కటే సుమారు 9 నిమిషాలు సాగుతుంది. మొదట వినేవారికి ఇది బరువుగా, కదలనిదిగా తోస్తుంది. కొంతసేపటికి మరో గుణం బయటపడుతుంది. మిగతా రికార్డులలో తీగవాద్యాల వెనక అణగిపోయే ఓబో, క్లారినెట్, బసూన్‌లు ఇక్కడ స్పష్టంగా వినిపిస్తాయి. క్లెంపరర్ మొదటి, రెండవ వయొలిన్‌లను వేదికకు ఎడమన, కుడిన ఎదురెదురుగా కూర్చోబెట్టేవాడు. స్టీరియో రికార్డులో వాటి మధ్య సాగే ప్రశ్నోత్తరాలు చెవికి విడివిడిగా అందుతాయి. మోనోలో ఈ లాభం దక్కదు. ఒక నిర్దేశకుని సిద్ధాంతం పూర్తిగా వినిపించడానికి రికార్డు సాంకేతికత తోడ్పడిన సందర్భం ఇది.

సంధి ఘట్టం ఇక్కడ భయపెట్టదు. నాలుగవ భాగం కూడా ఉత్సాహపు పరుగు కాకుండా కట్టడంలా లేస్తుంది. ఉద్వేగం కోరేవారికి ఇది నిరాశే. కృతి నిర్మాణాన్ని తెలుసుకోదలచిన విద్యార్థికి మాత్రం దీనికి మించిన పాఠం దొరకదు.

5.4 హెర్బర్ట్ ఫాన్ కరాయన్ – బెర్లిన్ ఫిల్హార్మానిక్ (1962)

బెర్లిన్‌లోని యేసు క్రీస్తు చర్చిలో రికార్డయి, తొమ్మిది సింఫనీల సంపుటిలో భాగంగా 1963లో వెలువడిన రికార్డు ఇది. టోస్కనీని వేగాన్ని, జర్మన్ వాద్యబృందపు నిండైన నాదాన్ని కలపాలన్న కోరిక ఇందులో కనిపిస్తుంది. తీగవాద్యాల ధ్వని అతుకులు కనబడని పట్టువస్త్రంలా ఉంటుంది. సంధి ఘట్టంలోని మంద్రధ్వని అద్భుతం. కానీ ఆ అందమే ఇబ్బందిగా మారుతుంది. చీకటి ఎంత నునుపుగా ఉందంటే దానిని దాటాలన్న ఆత్రం శ్రోతకు కలగదు. నాలుగవ భాగపు పునరావృత్తి లేదు. ఆ భాగం 9 నిమిషాల లోపే ముగుస్తుంది. మూడవ భాగపు నీడ తిరిగి వచ్చినప్పుడు అది కలవరం కాకుండా మరో సుందర దృశ్యంగానే తోస్తుంది.

5.5 కార్లోస్ క్లైబర్ – వియన్నా ఫిల్హార్మానిక్ (1974)

కార్లోస్ తండ్రి ఎరిక్ క్లైబర్ 1953లో ఆమ్‌స్టర్‌డామ్ కాన్సర్ట్‌గెబౌ వాద్యబృందంతో డెక్కా సంస్థకు ఈ సింఫనీని రికార్డు చేశాడు. నాజీల సాంస్కృతిక విధానానికి నిరసనగా 1934లో బెర్లిన్ ఒపేరా పదవిని వదులుకున్నవాడు ఆయన. తండ్రి రికార్డులోని బిగువు కుమారునికి వారసత్వంగా అందిందనడానికి రెండింటినీ వరసగా వినడమే చాలు. కుమారుడు దానికి వియన్నా వాద్యకారుల సాగే గుణాన్ని జోడించాడు.

వియన్నా మ్యూజిక్‌ఫెరైన్‌లో రికార్డయిన ఈ ప్రదర్శన 1975లో ఎల్పీగా వెలువడింది. మొత్తం ఎల్పీలో ఈ ఒక్క సింఫనీయే ఉంది. సుమారు 33 నిమిషాల సంగీతం రెండు వైపులా దాదాపు సమానంగా పంచుకోవడం వల్ల గాడికి కావలసినంత చోటు దక్కింది. సంధి ఘట్టంలో క్లైబర్ ఫుర్ట్‌వెంగ్లర్‌లా కాలాన్ని ఆపడు, కరాయన్‌లా నునుపు చేయడు. టింపని నాడిని గట్టిగా పట్టి ఉంచి, ధ్వనిని మాత్రం చివరిదాకా విడవడు. బిగబట్టిన శక్తి ఒక్కసారిగా విడుదలైనట్లు నాలుగవ భాగం పెల్లుబుకుతుంది. పునరావృత్తిని పూర్తిగా పాటిస్తాడు. ఆ భాగం 11 నిమిషాలకు దగ్గరవుతుంది. రెండవసారి కూడా ఆ స్వరబంధం అలసట తేకపోగా మరింత నమ్మకాన్ని కలిగిస్తుంది. అప్పుడు తిరిగివచ్చే మూడవ భాగపు నీడ నిజంగా ఉలికిపాటు కలిగిస్తుంది.

క్లైబర్ రికార్డుకూ లోటు లేకపోలేదు. పదును నిరంతరంగా సాగడం వల్ల రెండవ భాగంలో విశ్రాంతి తక్కువ. క్లెంపరర్ వద్ద తీరికగా వినిపించిన సుషిర వాద్యాల సంభాషణ ఇక్కడ ఒడుపుగా దాటిపోతుంది.

6. ఉపసంహారం

సంధి ఘట్టాన్ని కొలమానంగా తీసుకున్నప్పుడు క్లైబర్ రికార్డుకు ప్రథమ స్థానం ఇవ్వడానికి స్పష్టమైన కారణాలు ఉన్నాయి. స్వరప్రతి కోరిన ధ్వని క్రమం, పునరావృత్తి, ఎల్పీ విభజన అనే మూడూ అందులో పరస్పరం సహకరించాయి. ఈ నిర్ణయం మిగిలిన నాలుగింటిని అనవసరం చేయదు. క్లైబర్ ఎంత భయాన్ని వదులుకున్నాడో ఫుర్ట్‌వెంగ్లర్ రికార్డు చెబుతుంది. ఎంత వివరాన్ని దాటివెళ్లాడో క్లెంపరర్ రికార్డు చెబుతుంది. టోస్కనీని, కరాయన్‌ల రికార్డులు నిష్ఠ, సౌందర్యం విడివిడిగా ఎక్కడివరకు తీసుకువెళ్లగలవో చూపుతాయి.

అభిమాన రికార్డును ఎంచుకునే హక్కు ప్రతి శ్రోతకూ ఉంది. ఆ ఎంపికను విమర్శగా నిలబెట్టేది దానికి చూపే చోటు మాత్రమే. తరగతి గదిలో ఈ అయిదు రికార్డులను పోల్చి వినిపించదలచిన అధ్యాపకులు మొదటి వైపును కాసేపు పక్కనపెట్టి, రెండవ వైపు నుంచి మొదలుపెట్టడం మేలు. తొలి నాలుగు స్వరాల కీర్తి అడ్డురాని చోట, నిర్దేశకుల మధ్య తేడా విద్యార్థి చెవికి త్వరగా చిక్కుతుంది.